కుందేలుకు కొవ్వు మనమే పెట్టాలి

ఆటోనగర్,
గాజువాక, విశాఖపట్నం.

చిరంజీవి అల్లుడికి,

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు షెడ్డులో రెండు గ్రైండర్లు ఒకేసారి నడుస్తున్నాయి. కుందేలు, డ్రమ్ము, కనుమ అన్న మూడు ముక్కలే నాకు వినబడ్డాయి. మిగతాది మీ అమ్మ చెప్పింది. కనుమ సాయంత్రం నీ డ్యూటీ స్నేహితుల్ని కూర్మన్నపాలెం గదికి పిలిచావట, మేడ మీద డ్రమ్ము పొయ్యిలో కుందేలు కాలుస్తానన్నావట, సబ్బవరం రోడ్డులో ఎవడో గోనెసంచిలో చెవులపిల్లి తెచ్చిస్తానన్నాడట. ఇదంతా ఫోనులో తేలే సంగతి కాదు, అందుకని రాస్తున్నాను.

ముందు ఆ గోనెసంచి మాట. దాని జోలికి పోకు. అది అడవి జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడినా నేరమే, కొన్నా నేరమే, దాని మాంసం నీ గిన్నెలో దొరికినా నేరమే. "నేను చంపలేదు సార్, డబ్బులిచ్చి కొన్నాను" అంటే అటవీ శాఖ వాళ్లు వదిలిపెట్టరు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడివి, కేసు నెత్తిన వేసుకునేంత రుచి అందులో ఏమీ లేదు. పైగా అది ఉచ్చులో ఎంతసేపు కొట్టుకుందో, ఎప్పుడు ప్రాణం పోయిందో అమ్మేవాడు చెప్పడు. మీ తాతల కాలంలో తిన్నారు, కాదనను. ఏజెన్సీలో చైత్రమాసం ఇటుకల పండుగకి మగవాళ్లు వేటకి బయల్దేరే ఆచారం ఉన్న మాటా నిజమే. అది కొండవాళ్ల పండుగ, దాని కట్టుబాట్లు దానివి. మేడ మీద సీసాల మధ్య మనం చేసుకునే విందుకి దాన్ని అడ్డం పెట్టుకోకూడదు.

ఇంకోటి, అడవిదీ ఫారందీ ఒకటే అనుకుంటున్నావు. కావు. మన పొలం గట్ల మీద పరుగెత్తేదానికి గోధుమరంగు ఒళ్లు, మెడ వెనక నల్లమచ్చ. అది బొరియ తవ్వదు, గడ్డిలోనే పడుకుంటుంది. పిల్లలు కళ్లు తెరిచి, బొచ్చుతోనే పుడతాయి. ఫారంలో పెంచేది యూరప్ నుంచి వచ్చిన జాతి. దాని పిల్లలు కళ్లు మూసుకుని, ఒంటిమీద నూగు కూడా లేకుండా పుడతాయి. పొయ్యి దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. అడవి దాని మాంసం ముదురు ఎరుపు, నార గట్టిది. ఫారం దాని మాంసం లేత గులాబీ రంగు, దాదాపు బోన్‌లెస్ చికెన్‌లా ఉంటుంది. అందుకే మీ నాయనమ్మ చెప్పే చెవులపిల్లి పులుసు లెక్కలు ఇక్కడ పనికిరావు. ఆవిడ చెప్పినంతసేపు పొయ్యి మీద ఉంచితే ఫారం కుందేలు పీచుపీచై గిన్నెలో ఎముకలు మిగులుతాయి.

కాబట్టి ఫారం వాడి దగ్గర కొను. తెల్ల ఒళ్లు, ఎర్ర కళ్లు ఉన్నది న్యూజిలాండ్ వైట్. బూడిదరంగువి సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్. మాంసానికి మన దేశంలో ఎక్కువగా పెంచేవి ఇవే. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ఉంది. దాని దక్షిణాది కేంద్రం కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరులో ఉంది. ఈ జాతుల మీద అక్కడ చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. కొండ మీద చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ వాటికి సుఖం. మన విశాఖ ఉక్క వాటికి పడదు. ఒంటినిండా బొచ్చు, చెమట పట్టదు, ఎక్కువగా చెవుల ద్వారానే వేడి బయటికి పోవాలి. ఎండాకాలంలో ఇక్కడ పెంచేవాళ్లు షెడ్డు చుట్టూ తడి గోనెలు కట్టుకుని తంటాలు పడతారు. జనవరిలో ఆ బాధ లేదుగానీ, ఎప్పుడైనా ప్రాణంతో తేవాల్సి వస్తే బండి మీద మూసిన సంచిలో కుక్కి తేవద్దు. గాలాడే బుట్టలో తేవాలి. దారిలో దానంతటది చచ్చిపోతే పాతిపెట్టెయ్యి, ఎంత డబ్బు పోసి కొన్నా సరే.

మూడు నెలల వయసు దాన్ని అడుగు. అప్పటికి రెండు కిలోలు తూగుతుంది. చర్మం, తల, పేగులు పోగా సగానికి సగం, అంటే కిలో మాంసం మిగులుతుంది. వాళ్లు బతికున్న తూకానికి ధర చెబుతారు, నువ్వు దాన్ని రెండింతలు చేసి మటన్ ధరతో పోల్చుకో. ఆరుగురికి రెండు కుందేళ్లు చాలు. ఈనిన తల్లిని, ముదురు పోతుని చవగ్గా అంటగడతారు. అవి పులుసుకే గానీ నిప్పుకి పనికిరావు. చెవి అంచు పలచగా, మెత్తగా ఉండి, గోళ్లు నున్నగా, సన్నగా ఉంటే లేతది. చెవి దళసరిగా ఉండి, గోళ్లు మొద్దుబారి గరుకుగా కనబడితే వద్దను.

కోయించే పని ఫారం దగ్గరే చేయించుకో, ప్రాణంతో ఇంటికి తేవద్దు. మీ ఓనరు పిల్లలు మేడ మీద ఆడుకుంటారు కదా. రెండ్రోజులు అక్కడ బుట్టలో ఉంచావంటే దానికి పేరు పెట్టి క్యారెట్లు తినిపిస్తారు, ఆ తర్వాత నీకు ఆ ఇంట్లో మొహం చెల్లదు. చర్మం ఒలిచేటప్పుడు దగ్గరుండి చూడు. కోడికి వేసినట్టు వేడినీళ్లు వేయనివ్వకు, మేకతలకు చేసినట్టు మంట మీద కమర్చనివ్వకు. చర్మం మొత్తం తీసేయాలి. బొచ్చు మాంసానికి అంటుకుంటే ఎంత కడిగినా పోదు, అందుకని చేతులూ కత్తీ తడిగా ఉంచుకోమను. తోక కింద, తొడ మొదట్లో చిన్న గ్రంథులుంటాయి, అవి తీసేయకపోతే కూర వాసనేస్తుంది. కార్జానికి అంటుకుని ఉండే చేదు తిత్తి పగలకుండా కోయాలి. కార్జం ముదురు ఎరుపుగా, నున్నగా ఉంటే దాచుకో, మిరియాలేసి వేపుకుంటే అంతకన్నా మంచి ముక్క ఇంకోటి లేదు. దాని మీద తెల్లని, పసుపుపచ్చని పొక్కుల్లాంటివి కనబడితే పారెయ్యి, అది కుందేళ్లకొచ్చే కాక్సిడియోసిస్ అనే జబ్బు గుర్తు. ఒళ్లు కూడా చిక్కి ఉంటే ఆ కుందేలే వద్దని చెప్పు.

మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. కోసిన గంటలో పొయ్యెక్కితేనే తాజా అనుకుంటాం. చచ్చిన కొద్ది గంటలకి కండ బిగుసుకుపోతుంది, ఆ బిగువులో వండితే నమల్లేం. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే మళ్లీ వదులవుతుంది. భోగి నాడు పొద్దున కోయించి ఒకసారి చన్నీళ్లతో కడిగి, తడి తుడిచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. నీ గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్‌లోనే పెట్టు నాయనా, మీ అమ్మ ఫ్రిజ్‌లో కాదు. సంక్రాంతి నాడు పరమాన్నం గిన్నె పక్కన కుందేలు కనబడితే ఆవిడ నిన్నేమీ అనదు, నన్ను అంటుంది.

ముక్కలు కొట్టడం దగ్గర అందరూ చెడగొట్టేస్తారు. మొద్దు మీద పెట్టి కత్తితో టకటకా కొట్టించకు. కుందేలు ఎముక సన్నం, దెబ్బ తగిలితే పేలికలైపోయి గొంతులో గుచ్చుకుంటుంది. కీళ్ల దగ్గర కోయాలి. ముందుకాళ్లు ఎముకతో అతుక్కుని ఉండవు, కండతోనే పట్టుకుని ఉంటాయి, కత్తి ఆనిస్తే చాలు వచ్చేస్తాయి. వెనక తొడలు తుంటి కీలు దగ్గర వెనక్కి విరిచి కోయాలి. మధ్యలో మిగిలిన నడుము ఒకే ముక్కగా ఉంచు. దాని మీద మెరిసే పలచటి పొర ఉంటుంది, అది కాలితే ముడుచుకుపోయి కండని పిండేస్తుంది, కత్తి మొనతో ఒలిచేయి. ముందుకాళ్లు, మెడ, పక్కటెముకలు నిప్పు మీద పెట్టకు. ఉల్లిపాయ, చింతపండు పులుసు పెట్టుకో, అన్నంలోకి అది ఉండాలి.

ఇక అసలు సంగతి. కుందేలుకి కొవ్వు లేదు. కోడికి తోలు కింద కొవ్వుంటుంది, మేకకి కండల మధ్య ఉంటుంది, దీనికి రెండూ లేవు. నిప్పు తగలగానే కాపాడేది ఏదీ ఉండదు. కుందేలు వంట ఎక్కడ బాగున్నా అక్కడ ఎవరో ఒకరు దానికి కొవ్వో తడో బయటినుంచి ఇచ్చారన్నమాటే. మాల్టా దీవిలో కుందేలంటే పండగ వంట. ముందు వేపి, తర్వాత వెల్లుల్లి, వైను పోసి సన్నసెగ మీద మగ్గబెడతారు. ఫ్రాన్సులో ఒంటినిండా ఆవముద్ద పట్టించి, మీగడ పోస్తారు. మన అరకులో బొంగు చికెన్ చూడు, నూనె చుక్క లేదు, అయినా పచ్చి వెదురులోని తడి ఆవిరై కోడిని ఎండనివ్వదు. మన డ్రమ్ము దగ్గర కూడా ఇదే చేయాలి.

సంక్రాంతి రాత్రి పడుకునే ముందు లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి, తొడలూ నడుమూ అందులో మునిగేలా వేసి ఫ్రిజ్‌లో పెట్టు. ఆ ఉప్పునీళ్లు లోపలికి పోయి తడి పట్టి ఉంచుతాయి. కనుమ పొద్దున తీసి శుభ్రంగా తుడిచెయ్యి. కిలో మాంసానికి గట్టి పెరుగు ఒక చిన్న గిన్నెడు, అల్లం వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, కారం రెండు, ధనియాల పొడి ఒకటి, మిరియాల పొడి ఒకటి, పసుపు అర చెంచా, నువ్వుల నూనె నాలుగు చెంచాలు. దీనికి నానబెట్టి నూరిన ఆవముద్ద ఒకటిన్నర చెంచా కలుపు. ఫ్రాన్సు వాళ్లు వేస్తారని చెప్పడం లేదు, అరటిపువ్వు కూరలో మీ అత్త వేసే ఆవ ఇందులో అంతకన్నా బాగుంటుందని చెబుతున్నాను. ఉప్పు మళ్లీ వేయకు, నీళ్లలో పట్టింది చాలు. పచ్చి బొప్పాయి ముద్ద రాయొద్దు, మటన్‌కి సరేగానీ దీన్ని పిండి చేసేస్తుంది. నిమ్మకాయ చివర్లో పిండుకో. నానబెట్టే గిన్నె స్టీలుదో పింగాణీదో కావాలి, జీఐ బకెట్టు వద్దు. పులుపు తగిలితే దాని జింకు పూత మసాలాలోకి దిగుతుంది.

మటన్ కొట్టువాడిని మేక పొట్టలో పేగుల మీద పరుచుకుని ఉండే పలచటి కొవ్వు పొర అడుగు. చాలామంది పారేయించేస్తారు కాబట్టి ఊరికే ఇచ్చినా ఇస్తాడు. కడిగి, నడుము ముక్క చుట్టూ ఒక చుట్టు చుట్టి దారంతో కట్టు. కాలుతున్నంతసేపూ అది కరుగుతూ కండలోకి దిగుతూ ఉంటుంది. కొలెస్ట్రాల్ తక్కువని కుందేలు తెచ్చి మేక కొవ్వు చుడతామా అని నీ స్నేహితుల్లో ఒకడు నవ్వుతాడు, నవ్వనీ. ఉత్తర ధ్రువం వైపు తిరిగిన స్టెఫాన్సన్ అనే ఆయన రాశాడు, చలికాలంలో కుందేళ్లు తప్ప ఇంకేమీ దొరక్కపోతే అక్కడి మనుషులు కడుపు నిండా తిన్నా నీరసించి జబ్బుపడతారని. కొవ్వు లేకపోవడమే కారణం. నీకు ఒక పూట తింటే ఏమీ కాదులే, నెయ్యి అన్నం పక్కన ఉంటుంది.

డ్రమ్ము సంగతికొస్తే, ఇది నా పని కాబట్టి కాస్త గట్టిగా చెబుతాను. మన ఆటోనగర్‌లో పాత డ్రమ్ములకి కరువు లేదు, సగానికి కోసి బార్బెక్యూ చేయమని కుర్రాళ్లు వస్తూనే ఉంటారు. థిన్నరో, పెయింటో, కూలెంటో ఉన్న డ్రమ్ము అయితే చేయనని పంపేస్తాను. లోపల ఆవిరి మిగిలి ఉంటుంది, గ్యాస్ కటింగ్ మంట తగలగానే పేలుతుంది. డ్రమ్ము కోస్తూ మనుషులు పోయిన ఊళ్లున్నాయి. పేలకపోయినా మండించి శుభ్రం చేశామన్నది నమ్మదగ్గ మాట కాదు. నీకు కొత్త ఎంఎస్ షీటుతోనే పెట్టె చేస్తున్నాను, లోపల రంగు వేయను. రెండోది జాలీ. కొట్లో తళతళలాడే జీఐ మెష్ చవగ్గా దొరుకుతుంది, అది కొనకు. దాని పూత జింకు, 420 డిగ్రీలకి కరుగుతుంది. బ్లోయరు పెట్టిన బొగ్గు అంతకు మించి పోతుంది. జీఐ పైపు వెల్డింగు చేసిన రోజు రాత్రి చలిజ్వరంతో వణకడం అంటే ఏమిటో ఇక్కడ ప్రతి వెల్డరుకీ తెలుసు. మింది దగ్గర జింకు ఫ్యాక్టరీ నడిచిన ఊరివాళ్లం, దాని పొగ సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. ఆ పొగ మీద మాంసం ఆరేయడం ఏమిటి? 304 స్టెయిన్‌లెస్ రాడ్లు అరంగుళం ఎడంలో వేసి టాక్ పెట్టి ఇస్తాను.

బొగ్గు సరుగుడుదో, కొబ్బరిచిప్పదో కొను. పోర్టు నుంచి వచ్చే చెక్క ప్యాలెట్లు ఊరికే దొరుకుతాయని తగలెట్టకు, పురుగు పట్టకుండా వాటికి ఏమేం కొడతారో మనకి తెలియదు. బొగ్గు అంటించడానికి డీజిలూ, వేస్టాయిలూ చల్లడం మన వీధి కుర్రాళ్ల అలవాటు, ఆ వాసన మాంసానికి పట్టి పోదు. కాగితం, కొబ్బరిపీచు చాలు. బొగ్గంతా తెల్లబడేదాకా ఓపిక పట్టు. మేడ మీద గాలాడే చోటే పెట్టు, వాన చినుకు పడిందని గదిలోకి లాగకు, ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది.

బొగ్గునంతా పెట్టెలో ఒక పక్కకి తోసి, మాంసం రెండో పక్కన పెట్టి మూత వెయ్యి. సెగ కింద నుంచి కాదు, చుట్టూ తిరిగి తగలాలి. తొడలు ముందు పెట్టాలి, బొగ్గు వైపుకి. నడుము అరగంట తర్వాత, దూరంగా. మందం ప్లేటునీ పలచటి షీటునీ కలిపి అతికేటప్పుడు మందానికి సరిపోయే కరెంటు పెడితే షీటుకి బొక్క పడుతుంది చూడు, తొడకీ నడుముకీ ఒకే లెక్క పెడితే అంతే. పెట్టెలో 160 డిగ్రీల వేడి ఉంటే తొడకి ముప్పావుగంట నుంచి గంట, నడుముకి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. పది నిమిషాలకోసారి వెల్లుల్లి కాచిన నువ్వుల నూనె కుంచెతో రాయి. తొడలు అరగంట దాటాక పైన అరటాకో, తడిపిన అడ్డాకులో కప్పితే తడారదు.

ఉడికిందో లేదో చూడ్డానికి ఇంజన్ పనివాళ్ల దగ్గరుండే లేజర్ గన్ అడిగి తెచ్చుకుంటావని నాకు తెలుసు. అది పైతొక్క వేడే చెబుతుంది, లోపల పచ్చిగా ఉన్నా దానికి కనబడదు. సూది ఉన్న థర్మామీటరు కొనుక్కో. తొడలో మందంగా ఉన్న చోట, ఎముకకి తగలకుండా గుచ్చితే 71 డిగ్రీలు చూపించాలి. చూపించాక ఇంకో అయిదు నిమిషాలుంచుదాం అనుకోకు, ఆ అయిదు నిమిషాల్లోనే కుందేలు కర్రవుతుంది. దింపి, ఫాయిల్ కప్పి పది నిమిషాలు వదిలేసి, అప్పుడు కోసి నిమ్మకాయ పిండు.

గాలీ వానా వచ్చి డ్రమ్ము కుదరకపోతే కంగారు పడకు. మూకుడులో ఉల్లిపాయలు వేపి, అదే మసాలాతో తొడలు వేసి మూతపెట్టి సన్నసెగ మీద ముప్పావుగంట మగ్గనిచ్చి, చివర్లో మూత తీసి నెయ్యి వేసి ఎర్రగా వేపెయ్యి. నిజం చెప్పాలంటే నాకు దీని రుచే ఎక్కువ ఇష్టం. కానీ డ్రమ్ము చుట్టూ నిలబడాలని నీకుంది, నీ వయసులో నాకూ ఉండేది.

వచ్చేవాళ్లకి ముందే చెప్పు, కుందేలని. చికెనని తినిపించి తర్వాత నవ్వుకోవడం మంచి పని కాదు. కొందరికి మనసొప్పదు, ముస్లింలలో షియాలు కుందేలు తినరు. వాళ్ల కోసం ఒక కోడి వేరే జాలీ మీద, వేరే కత్తితో చేసి ఉంచు.

పెట్టె దాదాపు అయిపోయింది, మూతకి బందులు బిగించాలి అంతే. భోగి ముందు రోజు మధ్యాహ్నం మూడు లోపల ట్రాలీ ఆటో మాట్లాడుకుని రా. ఆ తర్వాత కుర్రాళ్లంతా ఊళ్లకి బస్సులెక్కేస్తారు, ఎత్తడానికి నేనూ మీ అత్తా తప్ప ఎవరూ ఉండరు. వచ్చేటప్పుడు మీ అమ్మ దగ్గర నా పాత తోలు గ్లౌజులు ఉండాలి, అవి తెచ్చుకో.

ఇట్లు,
మావయ్య